చేత్తో కట్టిన స్టార్

బజార్లో ఎన్ని రకాల క్రిస్మస్ స్టార్లు వచ్చినా, మా గుంటూరు వైపు ఇళ్ళలో వెదురు బద్దలతో కట్టే స్టార్ అందమే వేరు. అయిదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టి, కొసలు దారంతో బిగించి, మధ్యలో పొట్టి పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బుతుంది. ఉడికించిన మైదా జిగురుతో రంగు కాగితం అంటించి, లోపల చిన్న ఎల్ఈడీ బల్బు పెడితే చాలు. పాతరకం ఫిలమెంట్ బల్బయితే వేడికి కాగితం మాడుతుంది.

ఇక పండగ పిండివంటల్లో గులాబీ పువ్వులు. వాటి అచ్చు గుత్తి నూనెలో బాగా కాగాలి, పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. పైఅంచు మునిగిందా, పువ్వు ఊడిరాదు. కేకుకి ఓవెన్ అక్కర్లేదు, కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, కేకు గిన్నె లోపల పెట్టి సన్నసెగ మీద ఉంచండి.

ఈసారి స్టార్ కట్టేటప్పుడు కాగితం, జిగురు పిల్లల చేతికివ్వండి. అది వంకరపోయినా సరే, గుమ్మానికి అదే కట్టండి.