గద్వాల బజారులో ఒక పూట

అదితీరావు హైదరీ, సిద్ధార్థ్‌ల పెళ్లి 2024 సెప్టెంబరులో ఎక్కడ జరిగిందో మీకు గుర్తుందా? వనపర్తి దగ్గర శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడిలో! మరి ఆమె తల్లిగారి తండ్రి రామేశ్వరరావు గారు వనపర్తి రాజావారే కదా. ఆ రాజభవనం తర్వాత పాలిటెక్నిక్ కాలేజీ అయింది. మహలు మెట్ల మీద పుస్తకాలు పట్టుకున్న కుర్రాళ్లను చూస్తే ముచ్చటేసింది గానీ, చెప్పొద్దూ, నా మనసంతా గద్వాల మీదే ఉంది. సంచిలో మా అమ్మ పెళ్లి చీర ఉంది మరి!

గద్వాలంటే కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డ. సోమనాద్రి కట్టించిన కోట ఊరి నడుమే ఉంది. లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరున్న డిగ్రీ కాలేజీ. కవిపండితుల్ని ఆదరించిన సంస్థానం కాబట్టి 'విద్వద్గద్వాల' అనేవారు. తిరుపతి వేంకట కవులంతటి వారు ఇక్కడికొచ్చి సత్కారం పొందారు. ఆ సంగతులు పండితులకు వదిలి నేను బజారు దారి పట్టాను.

కొత్త అద్దాల షోరూములు దాటాక ఒక సందులో పాత దుకాణం ఒకటి దొరికింది. ముందు నడుమెత్తు రాతి అరుగు. షట్టరు లేదు, పొద్దున ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించే చెక్క పలకలు. అవి తారుమారైతే తలుపు పడదట, అందుకే వాటికి అంకెలు! లోపల మూరెడు మందం గోడలు, పైన దూలాలు, దంతెలు, వెలుగు కోసం వదిలిన కంత. ముందు దుకాణం, వెనక ఇల్లు. బయట ఎండ మండుతున్నా లోపల కుండలో నీళ్లంత చల్లగా ఉంది సుమండీ!

"రాండి, కూసోండి" అన్నాడు పెద్దాయన పరుపు మీద జరిగి. చీర విప్పాను.

గద్వాల చీర తమాషా మీకు తెలిసే ఉంటుంది. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. మూడు కండెలతో నేస్తూ అంచునూ ఒంటినీ కలుపుతారు. కొంగు దగ్గరైతే పోగు పోగూ చేత్తో ముడేస్తారు. అగ్గిపెట్టెలో పట్టేంత సన్నమని గొప్పగా చెప్పుకుంటారు గానీ, అసలు పనితనం ఆ అతుకులోనే ఉంది.

ఆయన అతుకు మీద బొటనవేలు ఆనించి అటూ ఇటూ నడిపాడు. "అంచు గట్టిగున్నది. ఒళ్లే పోయింది."

"ఏమన్నా చెయ్యొచ్చా, పెద్దయ్యా?"

"కొత్త ఒళ్లు ఏపిస్త. అంచు ఇదే ఉంటది. ఎందుకు పారేస్తరు?"

మాటల్లో తెలిసింది, దసరా దాటాక ఈ దుకాణం పడగొడుతున్నారట. కొడుకులు మూడంతస్తులు లేపాలంటున్నారు. తప్పేముంది? అరుగెక్కి కూర్చుని బేరమాడే ఆడవాళ్లు ఇప్పుడెందరున్నారు? అయినా నాకు మనసొప్పలేదు. ఇంత చల్లని ఇల్లు కూలగొట్టి రేపు ఏసీ బిల్లు కడతారా అని అడిగేశాను. ఆయన నవ్వలేదు.

"నేనూ అదే అన్న. పలకలన్న ఉంచుకోండ్రి అన్న. పెద్దోడు సరే అన్నడు, చిన్నోడు ఏం మాట్లాడలే."

రశీదు రాసిచ్చాడు. రెండు నెలలు పడుతుందట. మా అమ్మకు ఎనభై దాటాయి, ఆలోగా ఇవ్వలేరా అని అడగబోయి మానేశాను. మగ్గాన్ని తొందరపెడితే ఏమవుతుందో ఆ వేళ్లు చూశాక తెలిసింది.

అరుగు దిగి చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి పిలిచాడు.

"మల్ల వచ్చినప్పుడు ఈడ చూడకండి. ఎనక సందులకెళ్లి ఇంట్ల అడగండి. చీర నా దగ్గరనే ఉంటది."