కొండ బడిలో ఫ్రెంచి అక్షరాలు

ఇటలీ దేశపు ఉత్తర భాగంలో టూరిన్ అనే పట్టణము ఉన్నది. అక్కడి నుండి పినెరోలో మీదుగా సుమారు 55 కిలోమీటర్లు వెళ్తే తొర్రె పెల్లిచె అనే చిన్న ఊరు వస్తుంది. దాని వెనుక ఆల్ప్స్ పర్వతాలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. ఆ పర్వతాలు దాటితే ఫ్రాన్సు దేశము. ఈ ఊరి చుట్టుపక్కల లోయలలోనే వాల్దెన్సీయులనే ప్రొటెస్టెంటు విశ్వాసులు తరతరాలుగా కాపురముంటున్నారు. మార్టిన్ లూథరుకు మూడు వందల ఏండ్ల ముందే వాక్యము కొరకు నిలబడిన సంఘము వారిది.

తొర్రె పెల్లిచె నుండి ఆంగ్రోన్యా లోయలోకి దారి ఎగువకు పోతుంది. ఒక పక్క చెస్ట్‌నట్ చెట్లు, ఇంకో పక్క రాతి ఇండ్లు. ఆ దారిలో ఓదిన్-బెర్తొ అనే చిన్న పల్లె ఉన్నది. అక్కడ ఒకే గది ఉన్న పాత బడి కనబడుతుంది. ఇప్పుడు దానిని మ్యూజియముగా కాపాడుతున్నారు. లోపల పిల్లలు కూర్చున్న పాత బల్లలు, నల్లబల్ల, చలి కాచుకొనే పొయ్యి. చూడడానికి అంతే. అయినా, ఇటువంటి గదులలోనే ఒక చిన్న సంఘము తన విశ్వాసమును పిల్లలకు అప్పగించింది. అదీ తల్లి ఒడిలో నేర్చుకొన్న భాషలో కాదు, ఫ్రెంచి భాషలో.

ఇది వినగానే ఎవరికైనా ఒక సందేహము కలుగుతుంది. ఆ పిల్లలు ఇంటిలో మాట్లాడేది పాత్వా అనే కొండ యాస. కింద సంతకు వెళ్తే వినబడేది పియెమొంతు ప్రాంతపు మాట. రాజ్యమేలినవారి కచేరీలలో ఇటాలియను. మరి బడిలో ఫ్రెంచి ఎందుకు?

దీనికి జవాబు 1532వ సంవత్సరములో ఉన్నది. లియాన్ పట్టణపు వర్తకుడైన వాల్దో సుమారు 1170లలో తన ఆస్తిని విడిచిపెట్టి, లేఖన భాగాలను జనుల భాషలోకి తర్జుమా చేయించాడు. 1184లో ఆయన అనుచరులను వెలివేశారు. కొందరు ఈ కొండలలో తలదాచుకున్నారు. 1532 సెప్టెంబరులో ఆంగ్రోన్యా లోయలోని షాన్‌ఫొరాన్ అనే చోట వారందరూ సమావేశమై, సంస్కరణోద్యమముతో చేతులు కలపాలని తీర్మానించారు. గియోమ్ ఫారెల్ అనే సంస్కర్త ఆ సభకు వచ్చాడు. ఫ్రెంచి భాషలో పరిశుద్ధ గ్రంథమును అచ్చు వేయించాలని వారు అనుకున్నారు. ఆ పని కాల్విన్‌గారి బంధువైన పియెర్ రొబేర్ ఒలివెతాన్‌కు అప్పగించారు. 1535లో నూషాతెల్ దగ్గర ఆ గ్రంథము అచ్చయింది. మేకలు కాసుకొని, రై గింజలు పండించుకొని బ్రదికే పేదలు దాని ఖర్చు కొరకు తమ కానుకలు పోగుచేశారు.

అంతకు రెండేండ్ల ముందే, అంటే 1533లో, ఒలివెతాన్ ఇంకొక చిన్న పుస్తకము వెలువరించాడు. అది పిల్లలకు ఫ్రెంచి పలకడము, రాయడము నేర్పే పుస్తకము. బైబిలు తర్జుమా చేస్తున్న వ్యక్తి పిల్లల వాచకము గురించి కూడా తలపెట్టాడంటే, ఆయనకు ఒక సంగతి బాగా తెలుసును. చదవడము రానివారి చేతిలో ఎంత మంచి గ్రంథము పెట్టినా అది మూసి ఉన్న పుస్తకమే.

1630లో మహామారి వచ్చి ఆ లోయలలోని కాపరులలో చాలామందిని పొట్టన పెట్టుకున్నది. వారి స్థానములో జెనీవా నుండి, ఫ్రాన్సు వైపు నుండి కాపరులు వచ్చారు. వారికి వచ్చిన భాష ఫ్రెంచి. నాటి నుండి ప్రసంగము, కీర్తనలు, ప్రశ్నోత్తర పాఠాలు అన్నీ ఫ్రెంచిలోనే జరిగాయి. 1655లో ఘోరమైన ఊచకోత జరిగింది. 1686లో మిగిలినవారిని దేశము నుండి వెళ్లగొట్టారు. 1689లో కొందరు కొండలు దాటి తిరిగి వచ్చి తమ పొలాలను చేరుకున్నారు. ఇన్ని శ్రమలలోనూ వారు ఆ భాషను, ఆ గ్రంథమును విడిచిపెట్టలేదు.

ఇక ఆ కొండ బడుల సంగతికి వద్దాము. చార్లెస్ బెక్విత్ అనే ఆంగ్లేయ సైన్యాధికారి 1815లో వాటర్లూ యుద్ధములో ఎడమ కాలు పోగొట్టుకున్నాడు. 1827లో లండనులో గిల్లీ అనే పాదిరిగారు ఈ లోయల గురించి రాసిన పుస్తకము ఆయన చేతికి చిక్కింది. ఆ ఏడే వచ్చి చూశాడు. చూసినవాడు ఇక వారిని మరువలేకపోయాడు. సొంత డబ్బుతోను, మిత్రుల సహాయముతోను పల్లె పల్లెకూ బడులు కట్టించి, బాగుచేయించాడు. అవి సుమారు 120 అయ్యాయి. బాలికల చదువు కొరకు తొర్రె పెల్లిచెలో ప్రత్యేకముగా పాఠశాల పెట్టించాడు. చివరకు అక్కడి అమ్మాయినే పెండ్లాడి, 1862లో అక్కడే కన్ను మూశాడు. ఒంటికాలితో ఆ కొండలెక్కిన మనిషిని వారు నేటికీ తలచుకుంటారు.

ఆ బడులకు జనులు సరదాగా మేకల విశ్వవిద్యాలయాలని పేరు పెట్టారు. వేసవిలో పిల్లలు మేకల వెంట పోవాలి, గడ్డి కోయాలి. అందుచేత చలికాలపు నెలలలోనే చదువు. మంచులో నడిచి వచ్చే పిల్లలు బడి పొయ్యిలోకి తలా ఒక కట్టె పట్టుకొని వచ్చేవారు. చిన్నా పెద్దా అందరూ ఒకే గదిలో కూర్చొని ఫ్రెంచిలో చదవడము, రాయడము, లెక్కలు, కీర్తనలు నేర్చుకొనేవారు. ఇంకా చదువగలిగినవారు మండలి పెద్ద బడికి, అటు తరువాత 1831లో ఏర్పడిన తొర్రె పెల్లిచె కళాశాలకు వెళ్లేవారు. 1861లో ఇటలీ మొత్తము మీద నూటికి డెబ్బైమందికి పైగా చదువు రానివారే. ఆ రోజులలో ఈ లోయలలో మాత్రము పశువులు కాసే ఆడపిల్ల కూడా బైబిలు తెరచి చదువగలిగేది.

1848 ఫిబ్రవరి 17న రాజైన కార్లో ఆల్బెర్తో వారికి పౌర హక్కులు ఇచ్చాడు. నేటికీ ఏటేటా ఆ ముందు రాత్రి కొండల మీద మంటలు వెలిగించి ఆ దినమును జ్ఞాపకము చేసుకుంటారు. తలుపు తెరుచుకున్నది గనుక ఇటలీ అంతటా సువార్త ప్రకటించవచ్చును. అయితే ఏ భాషలో? ఫ్రెంచిలో చెబితే దక్షిణాది రైతుకు అర్థము కాదు. ఫ్రెంచి బడులకు అంత చేసిన బెక్విత్‌గారే ఇప్పుడు ఇటాలియను నేర్చుకొనమని వారిని తొందరపెట్టాడు. కళాశాల అధ్యాపకులను ఫ్లోరెన్సు పంపించాడు. పిల్లలకు పాఠాలు చెప్పే పెద్దలు మరల విద్యార్థులై కూర్చున్నారు. మూడు వందల ఏండ్లు రక్తముతో కాపాడుకొన్న గ్రంథపు భాషను పక్కన పెట్టడము తేలికైన సంగతి కాదు. అయినా భాష దీపపు కుందె వంటిదని, వెలుగు వాక్యమేనని వారు గ్రహించారు.

తాము ఇష్టపడి ఇంకొక భాష నేర్చుకోవడము వేరు, ఉన్న భాషను లాగివేయడము వేరు. 1923లో ఫాసిస్టు ప్రభుత్వము తెచ్చిన విద్యా సంస్కరణ బడులలో ఇటాలియనుకే చోటిచ్చింది. ఫ్రెంచి పాఠము పోయింది. యుద్ధకాలములో, 1943 డిసెంబరు 19న, ఈ లోయలవారు, ఆవోస్తా లోయవారు కొందరు కివాస్సో పట్టణములో రహస్యముగా కలుసుకొని ఒక ప్రకటన తయారుచేశారు. స్థానిక భాషలను బడిలో నేర్పే హక్కు కావాలని అందులో కోరారు. 1999లో ఇటలీ చేసిన 482వ నంబరు చట్టము ఫ్రెంచిని రక్షింపదగిన భాషలలో చేర్చింది. అటువంటి భాషలను ప్రాథమిక, మాధ్యమిక బడులలో నేర్పడానికి దారి చూపింది. కాని ఒక తరము నోట పోయిన మాట చట్టముతో ఒక్కసారిగా తిరిగి రాదు. తాతగారి ఫ్రెంచి బైబిలు ఇంటి అరలో ఉంటుంది, చదివేవారు ఉండరు.

ప్రియ పాఠకులారా, మన పల్లెలలోను ఎందరో తాతలు మిషను బడిలో అక్షరాలు దిద్ది, తెలుగు బైబిలు చదువుకొన్నవారే. 1842లో గుంటూరుకు వచ్చిన హయ్యర్‌గారు మొదట చేసిన పనులలో బడి పెట్టడము ఒకటి. నేడు మన పిల్లలు ఇంగ్లీషు మీడియములో చదువుతున్నారు. చదవవలసిందే. వాల్దెన్సీయుల పిల్లలు కూడా ఇంటిలో లేని భాషనే బడిలో నేర్చుకున్నారు. అయితే వారి తల్లిదండ్రులకు ఆ భాష ఎందుకో తెలుసును. సాయంకాల ప్రార్థనలో తెలుగు బైబిలు మన పిల్లవాని చేతికిస్తే ఎన్ని వచనాలు తడుముకోకుండా చదువగలడు? చదువలేకపోతే బడిని అడగనవసరము లేదు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము ఆ బాధ్యతను మొదట ఇంటికే అప్పగించింది. దినమునకు ఒక వచనము చొప్పున, వేలు పెట్టి చూపించి చదివిస్తే చాలు. ఆ కొండ బడులలో జరిగినది కూడా అంతే.