కాలవ గాలం సముద్రానికి పనికిరాదు

మినుము నూర్పిళ్లు అయ్యాక మా బావతో బాపట్ల సూర్యలంక వెళ్లా. తెనాలి కాలవల్లో చిన్నప్పట్నుంచి గాలం వేసినోణ్ణి, నాకు తెలియంది ఏముందిలే అని అదే వెదురు గెడ, అదే బెండు, డబ్బా నిండా వానపాములు పట్టుకెళ్లా.

ఉప్పునీళ్లలో వానపాము కాసేపటికే చచ్చి వేలాడింది. బెండుని అల తిప్పి ఒడ్డుకే కొట్టింది. ఇంకాస్త దూరం విసరాలని నడుం లోతుకి దిగా. వెనక్కిపోయే నీళ్లు కాళ్లకింద ఇసక లాగేశాయి. బావ చెయ్యి పట్టుకోకపోతే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు.

ఆ తర్వాత నిజాంపట్నంలో ఒక పెద్దాయన విని నవ్వి, "దూరం పోవాల్సింది సీసం, నువ్వు కాదబ్బాయ్" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. రేపల్లె వెళ్లి రీలున్న గట్టి కర్ర, మందం నైలాన్ తీగ, బరువైన సీసం గుండు కొన్నా. ఇప్పుడు ఒడ్డునే నిలబడి విసురుతున్నా. ఎరకి పచ్చి రొయ్య, లేదంటే చిన్న చేప ముక్క. పోటు ఎక్కేటప్పుడు వేస్తే చేప ఒడ్డుకి దగ్గరగా వస్తది. జెల్ల పడితే ముళ్లు జాగ్రత్త, విషం ఉంటది, చేత్తో పట్టొద్దు. ఇంటికొచ్చాక సామానంతా మంచినీళ్లతో కడగండి, లేకపోతే తుప్పే.

మోకాలు దాటి మాత్రం దిగొద్దు. చేప రేపైనా దొరుకుద్ది. మనకోసం ఇంటిదగ్గర చూసేవాళ్లున్నారు.