ఊరి గాలా, కారు గాలా?

తిరుమలగిరి అనగానే మీలో చాలామందికి సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరి గుర్తుకు రావచ్చు. నేను చెప్పబోయేది ఆ తిరుమలగిరి కాదు. సూర్యాపేట నుంచి జనగామ వెళ్ళే రోడ్డు మీద, రెండూళ్ళకూ దాదాపు నడిమధ్యన ఉన్న తిరుమలగిరి. 2016లో జిల్లాలను విడగొట్టేదాకా అది నల్లగొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోది. మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే.

యాసంగి కోతల కాలంలో ఆ దారిన వెళ్ళినవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. రోడ్డుకు ఒక పక్క ఎర్రటి చెలకలు, మరో పక్క వరి మళ్ళు. కోతమిషను మడిలో దిగిందంటే దాని వెనక పసుపుపచ్చని మేఘం ఒకటి లేస్తుంది. అది మబ్బు కాదు, తాలూ పొట్టూ గడ్డి తునకలూ కలిసిన దుమ్ము. కోసిన వడ్లను రోడ్డు అంచునే ఆరబోస్తారు. పక్కనుంచి లారీ పోతే ఆ వడ్ల మీది దుమ్మంతా లేచి, వెనక వచ్చే బండికి ఎదురొస్తుంది. సాయంత్రమైతే కొయ్యకాళ్ళకు నిప్పుపెట్టిన పొగ. ఊళ్ళోకి వస్తే మార్కెట్ యార్డు; వడ్ల రాశులు, బస్తాలు, హమాలీలు, తూర్పారపట్టే యంత్రాల హోరు.

ఈ దుమ్ములోనే మా అక్క అరవై ఏళ్ళుగా బతికింది. ఆవిడకు దాని మీద ఫిర్యాదు లేదు. ఆవిడ ఫిర్యాదు వేరు.

"తమ్మీ, నా మనుమనికి నా ఊరి గాలే పడదంట. ఏడాదాయె పిలగాని మొఖం జూసి. ఇగ నేను ఏం జెయ్యాలె?" అని ఒకనాడు ఫోనులో అడిగింది.

మా మేనల్లుడు హైదరాబాదులో ఉంటాడు. వాడి కొడుక్కి ఏడేళ్ళు. కొద్దిపాటి ఉబ్బసం ఉంది. మందులు సరిగా వాడితే అదుపులోనే ఉంటుంది. కాని ఎప్పుడు తిరుమలగిరికి బయలుదేరినా, ఊరు చేరేసరికి పిల్లవాడి గొంతులో పిల్లికూతలు. రెండుసార్లు అర్ధరాత్రి సూర్యాపేట ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది. తల్లి భయపడింది. భయపడటంలో తప్పేముంది? "ఆ ఊరి దుమ్ము వాడికి పడటం లేదు మామయ్యా. అత్తమ్మనే ఇక్కడికి రమ్మనండి" అంది. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, పైగా రెండు బర్రెలు. ఆవిడ రాలేదు. పిల్లవాడు పోలేదు. ఏడాది గడిచిపోయింది.

కిందటి ఏప్రిల్‌లో అక్క ఇంట్లో చిన్న శుభకార్యం వచ్చింది. నేను కూడా వాళ్ళ కారులో వస్తానని చెప్పి, పిల్లవాడి పక్కన కూర్చున్నాను. డాక్టరు పక్కన ఉన్నాడన్న ధైర్యంతో తల్లి ఒప్పుకుంది.

అద్దాలన్నీ బిగించారు. ఏసీ పెట్టారు. "బయటి దుమ్ము ఒక్క రవ్వ కూడా రాదు మామా" అన్నాడు మేనల్లుడు. హైదరాబాదు దాటిన ముప్పావు గంటకు పిల్లవాడు ముక్కు నలుపుకోవడం మొదలుపెట్టాడు. సూర్యాపేట వచ్చేసరికి పొడిదగ్గు. అక్కడినుంచి జనగామ రోడ్డు ఎక్కి, దారిలో ఫణిగిరి దగ్గర ఆగాం. పాము పడగలాంటి కొండ, దాని మీద బౌద్ధుల కాలంనాటి స్తూపం, విహారాలు. అక్కడ దొరికిన శిల్పం 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు కూడా వెళ్ళివచ్చింది. పిల్లవాడికి ఆ కొండ చూపించాలని నా ముచ్చట. కాని కారు దిగేసరికే వాడికి ఆయాసంగా ఉంది.

స్పేసరు గొట్టం పెట్టి సాల్బుటమాల్ ఇన్‌హేలరు ఇచ్చాం. వేపచెట్టు నీడన కూర్చోబెట్టాం. వేడిగాలి వీస్తోంది, దుమ్ము లేస్తోంది. అయినా పదిహేను నిమిషాలలో వాడు తేరుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. మళ్ళీ కారెక్కి అద్దాలు బిగించాం. పది నిమిషాలు తిరగకుండానే దగ్గు!

మందు పనిచేసినప్పుడు ఊపిరి తేలికపడటం సహజం. కాని ఆ మందు ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. పది నిమిషాలకే దగ్గు తిరిగి వచ్చిందంటే ఏదో గట్టి కారణం ఉండాలి. నేను మేనల్లుణ్ణి ఒక్కటే అడిగాను: "వీణ్ణి ఎప్పుడైనా ఈ ఊరికి బస్సులో తెచ్చావా?"

"తెచ్చిన మామా. కారు కొనకముందు ఆర్టీసీ బస్సులనే వచ్చేటోళ్ళం. అప్పుడు తుమ్ములు తప్ప ఏం లేకుండె."

పాఠకులు గమనించాలి. అదే పిల్లవాడు, అదే దారి, అదే దుమ్ము. కిటికీలు తెరిచిన బస్సులో రాని ఆయాసం, అద్దాలు బిగించిన కారులో వస్తోంది! చల్లగాలి వచ్చే రంధ్రం దగ్గర ముక్కు పెట్టి చూశాను. తడిసి ముక్కిన గోనెసంచి వాసన.

తిరుమలగిరి చౌరస్తాలో ఒక కుర్ర మెకానిక్ ఉన్నాడు. అతణ్ణి ఇంటికి పిలిపించాం. బానెట్ ఎత్తి, ముందు అద్దం కింద వైపర్ల దగ్గర ఉండే నల్లటి ప్లాస్టిక్ జాలీ విప్పాడు. దాని కింద దోసెడు వేపాకు, వేపపూత, వరిపొట్టు. అడుగున నీళ్ళు పోయే రంధ్రం పూడుకుపోయి మురుగు నిలిచి ఉంది. తర్వాత డాష్‌బోర్డులో కాగితాలు పెట్టుకునే అరను ఊడదీసి, వెనకనుంచి ఫిల్టరును బయటికి లాగాడు. మడతలు మడతలుగా తెల్లగా ఉండవలసిన కాగితం, నల్లటి కంబళిముక్కలా ఉంది. ఒక మూల ఎలుక కొరికిన కన్నం. లోపల బ్లోయరు పంకా దగ్గర పీచూ, పల్లీ తొక్కలూ, ఎలుక పెంటికలూ. ఏ మార్కెట్ యార్డు పక్కన నిలిపినప్పుడో ఎలుకగారు ఆ కారులో కాపురం పెట్టారు!

"ఎన్నడు మార్చిన్రు సార్ దీన్ని?" అని అడిగాడు మెకానిక్. మేనల్లుడు నీళ్ళు నమిలాడు. అలాంటిది ఒకటుందనే వాడికి తెలియదు. నిజం చెప్పాలంటే, నాకూ అంతకుముందు సరిగా తెలియదు.

అద్దాలు బిగించినంత మాత్రాన కారు మూత పెట్టిన డబ్బా అయిపోదు. ముందు అద్దం కింది జాలీలోంచి బయటిగాలి లోపలికి వస్తుంది. ఆ గాలి ఫిల్టరు దాటి, పంకా దాటి, ఏసీలోని చల్లటి గొట్టాల మీదుగా మీ ముఖానికి తగులుతుంది. మంచునీళ్ళ గ్లాసుకు చెమట పట్టినట్టు, ఆ చల్లటి గొట్టాలకు ఎప్పుడూ తడి ఉంటుంది. ఫిల్టరు చిరిగినా, ఫిల్టరే లేకపోయినా, దుమ్మూ ఆకుపొడీ వచ్చి ఆ తడికి అంటుకుంటాయి. చీకటి, తడి, తిండి - బూజుకు ఇంకేం కావాలి? ఎలుక మూత్రంలోని పదార్థాలు కూడా ఉబ్బసాన్ని రెచ్చగొడతాయి. బయటి దుమ్మును ఆపవలసిన దారే దుమ్మును నిలవచేసి, బూజుతో కలిపి మనకు వడ్డిస్తుందన్నమాట.

మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పది మైక్రాన్లకు మించిన దుమ్మును ముక్కూ గొంతూ చాలామటుకు పట్టేస్తాయి. రెండున్నర మైక్రాన్లకు తగ్గినవి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళతాయి. కంటికి కనిపించే దుమ్ము చిరాకుపెడుతుంది. కనిపించనిది జబ్బు చేస్తుంది.

ధాన్యపు దుమ్ము సంగతి వైద్యానికి కొత్తది కాదు. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జీని వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద రాసిన గ్రంథంలో, ధాన్యం జల్లించేవారి బాధలను ప్రత్యేకంగా చెప్పాడు. 1932లో ఇంగ్లండులో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు బూజుపట్టిన ఎండుగడ్డిని కదిపే రైతులకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బును వివరించాడు. 1981లో అమెరికా వైద్యులు అటువంటి జబ్బే కారు ఏసీలో చేరిన బూజువల్ల వచ్చిన సంగతిని ప్రకటించారు. ఇది అరుదు, కంగారుపడకండి. కాని ప్రయాణం చేసిన నాలుగైదు గంటలకు చలిజ్వరం, దగ్గు, ఆయాసం వచ్చి, ప్రయాణం చేసిన ప్రతిసారీ అలాగే జరుగుతుంటే, ఆ సంగతి మీ డాక్టరుతో తప్పక చెప్పండి. మామూలుగా కనిపించేవి తుమ్ములు, కళ్ళ దురద, తలనొప్పి, ఉబ్బసం ఉన్నవారికి పిల్లికూతలు.

మరి ఏం చేయాలి?

వారానికోసారి వైపర్ల కింది జాలీ మీది ఆకులు చేత్తో ఏరేయండి. నీళ్ళు కొట్టి లోపలికి తోయవద్దు. వర్షాకాలానికి ముందు మెకానిక్ చేత జాలీ విప్పించి, నీళ్ళు పోయే రంధ్రాలు తెరిపించండి. అవి పూడితే కాళ్ళకింది పరుపు తడిసి అక్కడా బూజు పడుతుంది. ఆకు రాలే కాలంలో చెట్టుకింద నిలిపితే గుడ్డ కప్పండి. జాలీ కింద దోమతెరలాంటి సన్నని తెర పెట్టించుకోవచ్చు. కాని దాన్ని తరచు దులపకపోతే గాలే రాదు.

ఫిల్టరును ఆరునెలలకోసారి బయటికి తీయించి చూడండి. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మంచి రోడ్లకు. కోతల దుమ్ములో తిరిగే బండికి అంతకంటే ముందే మార్చాలి. గాలి కొట్టించి పాతదాన్నే పెట్టించకండి. ఆ గాలికి కాగితం చిరుగుతుంది, దుమ్మంతా కొట్టేవాడి ముఖాన పడుతుంది. కాగితపు ఫిల్టరును కడగకూడదు. పాత బండ్లలో, చవక బండ్లలో కొన్నిటికి ఫిల్టరే ఉండదు; మీ బండికి ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఫిల్టరు పొట్టునూ పుప్పొడినీ బాగా ఆపుతుంది, సన్నని పొగను కొంతవరకే ఆపుతుంది.

లారీ వెనకో, కోతమిషను పక్కనో, పొగలోనో పోవలసి వస్తే లోపలిగాలే తిరిగే మీట నొక్కండి. ఆ చోటు దాటగానే తప్పక తీసేయండి. నలుగురు మనుషులు విడిచిన గాలినే గంటలకొద్దీ పీలిస్తే తల బరువెక్కి, బండి నడిపేవారికి నిద్ర ముంచుకొస్తుంది. ఊరు చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపి, పంకా మాత్రం తిప్పండి. లోపలి తడి కొంత ఆరుతుంది.

వాసన పోవడానికి కొందరు కారులో కలరా ఉండలు వేస్తారు. మా వైపు డాంబర్ గోళీలంటారు. పసిపిల్లలు ఎక్కే బండిలో అవి వద్దు. పుట్టుకతో ఒకరకం ఎంజైము లోపం ఉన్న పిల్లలకు వాటి ఆవిరివల్ల రక్తకణాలు పగిలిపోతాయి. ఘాటైన అత్తర్లు ఉబ్బసానికి పడవు. వాసన ఒక సూచన. దాన్ని కప్పేయడం కాదు, కారణం వెతకాలి.

ఎలుక గూడు కనిపిస్తే పొడిచీపురుతో ఊడ్చవద్దు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకుని, బ్లీచింగు నీళ్ళతో తడిపి, పది నిమిషాలు ఆగి ఎత్తేయాలి. పంకా, వైర్లు ఉన్నచోట ఆ పని మెకానిక్‌కే వదిలేయండి. తిండి తునకలు కారులో ఉంచకండి. ఉబ్బసం మనిషి ప్రయాణంలో ఇన్‌హేలరును చేతిసంచిలో ఉంచుకోవాలి; ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు.

మా మేనల్లుడి కారు శుభ్రపడటానికి ఒక పూట పట్టింది. కొత్త ఫిల్టరు సూర్యాపేటలో దొరికింది. తిరుగుప్రయాణంలో పిల్లవాడు నా ఒడిలో తలపెట్టి హైదరాబాదు దాకా నిద్రపోయాడు.

అంతా కారు తప్పే అని నేననను. కోతల దుమ్ము ఉబ్బసానికి పడదు. అందుకే అక్కతో చెప్పాం: పిల్లవాణ్ణి మార్కెట్ యార్డుకు తీసుకుపోవద్దు, కొయ్యకాళ్ళు కాల్చే సాయంత్రాలు ఇంట్లోనే ఉంచు అని. రోజూ వాడే మందునూ మానిపించలేదు. దసరాకు మళ్ళీ కారులోనే వచ్చారు. దారిలో ఇన్‌హేలరు అవసరం పడలేదు. తల్లే పదిరోజులు ఉండనిచ్చింది.

మీ పిల్లలకూ ఏదో ఒక ఊరి గాలి పడదని మీరు నిర్ణయించుకుని ఉండవచ్చు. అది నిజమే కావచ్చు. కాని ఆ ఊరిమీద, అక్కడ ఎదురుచూసే ముసలివాళ్ళమీద ఆ తీర్పు చెప్పేముందు, ఒక్కసారి మీ కారు ఫిల్టరు తీయించి చూడండి.