అరవై నాలుగు గళ్లు... గింజలెన్ని?

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక్క బియ్యపు గింజ. రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? రాజుగారిని బోల్తా కొట్టించిన ఈ కథ చాలామందికి తెలుసు. జవాబును అంకె తప్పకుండా చెప్పగలిగేవాళ్లే అరుదు. ఆ జవాబుని తెలుగు పద్యంలో పొదిగిన ఘనత పావులూరి మల్లనదని చెబుతారు.

మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని, 11వ శతాబ్దంలో ‘సారసంగ్రహ గణితము’గా తెలుగు చేసిన కవి మల్లన. ఆయన ఇంటిపేరు ఇంకొల్లు దగ్గరి పావులూరు నుంచి వచ్చిందంటారు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరు ప్రకాశం జిల్లాలోదే.

పద్యంలో అంకెలు కనపడవు, అన్నీ మాటలే. శరమంటే 5, మన్మథుడి బాణాలు అయిదు కదా! చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి 1. గగనం సున్నా, వేదం 4, దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది కాబట్టి కుంజరం 8. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే తేలేది... 18446744073709551615. అంటే లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైమాటే!

పలక చాలు!

నిజమో కాదో చూడాలంటే ఓ పలక చాలు. పలకలకు పేరుమోసిన మార్కాపురం కూడా 2025 దాకా ప్రకాశం జిల్లాలోదే. అక్కడి రాయి ఎన్నో తరాల చేత అక్షరాలు దిద్దించింది, ఎక్కాలు రాయించింది.

అరవై నాలుగు గళ్లనూ కూడక్కర్లేదు. 1, 2 కలిపితే 3... తర్వాతి గడిలోని 4 కంటే ఒకటి తక్కువ. 1, 2, 4 కలిపితే 7... 8 కంటే ఒకటి తక్కువ. కాబట్టి లేని అరవై అయిదో గడిని ఊహించుకుని, అందులోంచి ఒకటి తీసేస్తే సరి. దానికీ ఓ అడ్డదారి ఉంది. 2ని 2తో గుణిస్తే 4, దాన్ని దానితోనే గుణిస్తే 16, తర్వాత 256, 65536, 4294967296. ఆరోసారి గుణిస్తే అరవై అయిదో గడి వచ్చేస్తుంది. 16 దగ్గర్నుంచీ చివరి అంకె ఎప్పుడూ 6. ఒకటి తీస్తే 5. పద్యంలో మొదటి మాట శరం!

ఎంత పెద్దదైనా ఈ సంఖ్య ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధమే: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో 641 ఆచూకీని 1732లో ఆయిలర్ పట్టుకున్నాడు.

గ్రాముకు నలభై గింజలనుకుంటే సగం బల్లకు 107 టన్నులు చాలు. మొత్తం బల్లకు 46 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఇప్పుడు పండిస్తున్న లెక్కన ఎనిమిది వందల ఏళ్లకు పైగా పండించాలి.

ఇదే సంఖ్యని ఎక్సెల్‌లో కొడితే మొదటి 15 అంకెలే ఉంచుకుని చివరి అయిదు చోట్లా సున్నాలు పెడుతుంది. పోయేవి 51,615 గింజలు. కిలో పావుకు పైగా బియ్యం, ఓ ఇంటికి పూట గడిచే తిండి. పద్యం ఆ గింజల్నీ వదల్లేదు. పలకలకు మునుపటి గిరాకీ లేదు కానీ, అటక మీద ఒకటుంటే దించండి. ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని ఆరు గుణకారాలు చేయించండి.