మూసీ నీళ్ల అంచున చలికాలం

సంక్రాంతి ముందు రోజుల్లో మబ్బుల్నే లేచి, నెత్తికి రుమాలు చుట్టుకున్న తాత వెనక, తుమ్మచెట్ల బాటన మూసీ ప్రాజెక్టు నీళ్ల దిక్కు పోతుంటే, ముందుగాల వాసన తగిలేది, తడి ఒండ్రు, జమ్ముగడ్డి, ఆరేసిన వలల నీసు. అటెన్క నామాలకోళ్ల అరుపులు. ఇవన్నీ అయినంక, పొద్దు పొడిచి మంచు విడుతుంటే, అప్పుడు కనపడేవి పిట్టలు.

నడుమ నీళ్లల్ల సూదితోక బాతులు, ఒడ్డుకు ఎడంగా ఎప్పుడూ జంటగానే తిరిగే జాజురంగు బాపనబాతులు, నీళ్లు తగ్గి బయటపడ్డ శిఖం బురదలో ఉల్లంకులు, మా కాళ్ల ముందే తోకాడించుకుంటూ ఉరికే జిట్టంగి. "సప్పుడు చెయ్యకు బిడ్డా, ఎగువ దేశంకెల్లి వచ్చినయ్, అలిసుంటయ్" అనేవాడు తాత. సైబీరియా పేరు ఆయన ఎన్నడూ వినలేదు. సలీం అలీ 1931–32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసిననాటికి సోలిపేట దగ్గర ఈ కట్ట లేదు, 1963లో పూర్తయింది. తాతకు మాత్రం ఆ నీళ్లూ ఆ పిట్టలూ ఏనాటి నుంచో కలిసే ఉన్నట్టుండేది.

నీళ్లు ఒక ఎత్తు, జొన్నచేను ఒక ఎత్తు. పచ్చజొన్న పాలుపట్టే యాల్లకు నల్లతల, గులాబి వీపు గోరింకలు మధ్య ఆసియా నుంచి వందల కొద్దీ దిగేవి, మంచె మీద అవ్వ ఒడిసెల తిప్పి రాయి వదిలితే, ఎవరో పెద్ద చీర దులిపినట్టు ఒక్కసారే లేచి, మళ్లీ అవతలి మడిలో వాలేవి, అవ్వ వాటిని తిట్టుకుంటూనే రాలిన కంకుల్ని వాటికే వదిలేసేది.

మిర్యాలగూడ దగ్గరి మేనత్త ఊరిలో మంచెలు అంతకుముందే పోయాయి. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక అటు కోదాడ దాకా మెట్టచేలు వరిమళ్లయ్యాయి. అన్నం దొరికింది, అది చిన్న సంగతి కాదు. మళ్లల్లో నత్తలు పెరిగి నత్తగుల్ల కొంగలకూ తిండి దొరికింది. మా దిక్కు కూడా బోర్లు పడి, పత్తి వచ్చి, జొన్న మెల్లగా తగ్గిపోయింది.

జనవరిలో పోతే సూదితోక బాతుల కోసం ఇప్పటికీ నీళ్ల దిక్కే చూస్తాను. గోరింకల గుంపు చూడాలంటే మాత్రం, జొన్న ఎవరేశారో ముందు ఊళ్లో అడగాలి.