తుదిపోరులో ఇద్దరు

ఏ క్రీడాపోటీ చరిత్రను తిరగవేసినా ముందుగా కంటబడేవి విజేతల పేర్లు. తుదిపోరులో వారితో తలపడి ఓడినవారి పేర్లు ప్రక్కనే ఉన్నప్పటికీ వాటిపై చూపు నిలవడం అరుదు. పందొమ్మిదేళ్ల లోపు వారు పాల్గొనే పోటీలలో మాత్రం ఆ రెండవ పేరును కూడా శ్రద్ధగా చదవవలసి ఉంటుంది. ఆసియా జూనియర్ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ చరిత్రే అందుకు నిదర్శనం.

ఈ పోటీలు ప్రస్తుత రూపంలో 1997లో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ప్రారంభమయ్యాయి. బాలుర సింగిల్స్, బాలికల సింగిల్స్, బాలుర డబుల్స్, బాలికల డబుల్స్, మిశ్రమ డబుల్స్ అనే ఐదు విభాగాలలో విజేతలను నిర్ణయిస్తారు. బ్యాడ్మింటన్‌లో చైనా, ఇండోనేషియా, దక్షిణ కొరియా, జపాన్, మలేషియా వంటి ఆసియా దేశాలు అగ్రశ్రేణిలో ఉండటం వల్ల ఈ ఖండస్థాయి పోటీ ప్రపంచస్థాయి పోటీకి ఇంచుమించు సాటి వస్తుంది. 2000లో జపాన్‌లోని క్యోటో నగరంలో బాలుర సింగిల్స్ గెలిచిన చైనా క్రీడాకారుడు లిన్ డాన్, 2008, 2012 ఒలింపిక్స్‌లలో స్వర్ణపతకాలు సాధించాడు. 2016లో బాంకాక్‌లో బాలికల విజేతగా నిలిచిన చెన్ యూఫె, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలుచుకున్నది.

ఇంతటి వారి సరసన 2012లో ఒక తెలుగమ్మాయి పేరు చేరింది. ఆమె పూసర్ల వెంకట సింధు. తల్లిదండ్రులు రమణ, విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. కుమార్తె మాత్రం రాకెట్టును ఎన్నుకున్నది. సికింద్రాబాదులో ఆటలో ఓనమాలు దిద్దుకుని, అనంతరం గచ్చిబౌలిలోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో శిక్షణ పొందింది.

ఆ ఏడాది పోటీలు దక్షిణ కొరియాలోని గిమ్‌చియోన్‌లో జరిగాయి. జులై 7న తుదిపోరు. సింధుకు పదిహేడేళ్లు నిండి అప్పటికి రెండు రోజులే అయింది. ప్రత్యర్థి జపాన్‌కు చెందిన నొజోమి ఒకుహారా. పొడవులో సింధుకు చాలా తక్కువ. కానీ ఎటు కొట్టినా షటిల్‌ను తిరిగి పంపగల ఓర్పు ఆమె సొత్తు. మొదటి గేమును సింధు 18–21 తేడాతో కోల్పోయింది. రెండవది 21–17తో గెలిచింది. మూడవ గేములో ఇద్దరూ 20 పాయింట్ల వద్ద సమానంగా నిలిచారు. అక్కడి నుండి రెండు పాయింట్ల ఆధిక్యం సాధించినవారే విజేత. సింధు 22–20తో గేమును, దానితో పాటు టైటిల్‌ను కైవసం చేసుకున్నది. ఈ పోటీలలో బాలికల సింగిల్స్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమెయే.

రెండే రెండు పాయింట్లతో ఓడిన ఒకుహారా ఏమైంది? అదే సంవత్సరం ప్రపంచ జూనియర్ టైటిల్ గెలుచుకున్నది. తరువాత మోకాలి శస్త్రచికిత్స ఆమెను కొంతకాలం ఆటకు దూరం చేసింది. అయినా కోలుకుని 2016లో ఆల్ ఇంగ్లండ్ విజేత అయింది. ఆ ఏడాది రియో ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో మళ్లీ సింధు ఎదురైంది, మళ్లీ సింధుయే గెలిచింది.

2017లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ తుదిపోరు ఈ ఇద్దరి మధ్యనే జరిగింది. ఆట 110 నిమిషాలు సాగింది. ఒక్క పాయింటు కోసం 73 సార్లు షటిల్ వల దాటిన ఘట్టం కూడా అందులో ఉంది. గిమ్‌చియోన్‌లో వలెనే మూడవ గేము 22–20తో ముగిసింది. ఈసారి ఆ రెండు పాయింట్లు ఒకుహారావి. రెండేళ్ల అనంతరం, 2019లో, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అదే స్థాయి తుదిపోరులో సింధు 21–7, 21–7తో ఆమెను ఓడించి, బ్యాడ్మింటన్‌లో భారతదేశపు తొలి ప్రపంచ విజేతగా నిలిచింది.

బాలుర విభాగంలోనూ ఇటువంటి కథ ఉన్నది. 2018లో జకార్తాలో ఉత్తరాఖండ్‌కు చెందిన లక్ష్య సేన్, థాయ్‌లాండ్ క్రీడాకారుడు కున్లవుత్ వితిద్‌సార్న్‌ను 21–19, 21–18తో ఓడించి టైటిల్ గెలిచాడు. ఆనాడు ఓడిన కున్లవుత్ 2023లో పెద్దల విభాగంలో ప్రపంచ విజేత అయ్యాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రజతం పొందాడు. గెలిచిన లక్ష్య సేన్ 2021 ప్రపంచ పోటీలలో కాంస్యం అందుకున్నాడు. పారిస్‌లో మాత్రం నాలుగవ స్థానంతో వెనుదిరిగాడు.

పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయస్సులో వెలువడే ఫలితాలు, అవి ఆటస్థలంలో వచ్చినా పరీక్షలో వచ్చినా, జీవితానికంతటికీ తీర్పులుగా తోస్తాయి. గెలిచినవారికి ఇక సాధించవలసినది లేదనిపిస్తుంది. ఓడినవారికి ఇక దారి లేదనిపిస్తుంది. గిమ్‌చియోన్‌లో సింధు గెలుపు నిజమైనదే. ఆ పతకం విలువను ఎవరూ తగ్గించలేరు. అయితే ఏడేళ్ల సాధన తరువాత గాని బాసెల్ విజయం ఆమెకు దక్కలేదు. ఒకుహారా ఓటమి కూడా నిజమైనదే. ఆ ఓటమి నుండి గ్లాస్గో వరకు ఆమె నడిచిన దూరం ఐదేళ్లు. కనుక విజేతల జాబితా చదివేటప్పుడు విజేత పేరు వద్దనే ఆగిపోరాదు. ప్రక్కనున్న పేరు మరునాటి ఉదయం మళ్లీ రాకెట్టు పట్టుకుని మైదానానికి వెళ్లిన మనిషిది.